మణలి బ్యాండు, తిరుత్తణి ముద్ర

సిమ్లా అను పేరుగల సిగరెట్లకు ప్రచారము కలుగుటకై వాని కంపెనీవారు దేశమందలి గిటారు బృందములకు పాటల పోటీలు పెట్టి, అందు మెప్పుపొందిన బృందముల గానమును 1970లో ఒకటి, 1971లో ఒకటి చొప్పున రెండు లాంగ్‌ప్లే రికార్డులుగా వెలువరించిరి. బొంబాయి, కలకత్తా, షిల్లాంగు యువకులతోపాటు మదరాసు యువకులును, 'కన్‌ఫ్యూషన్స్' అను బృందమువారు మొదలుగా, ఆ పోటీలలో పాల్గొనిరి. స్వప్నమునకును మెలకువకును నడుమ తేలియాడునట్లు గిటారు ధ్వనులను సాగదీసి, మెలివేసి, ప్రతిధ్వనులతో నింపు సైకెడెలిక్ రాక్ సంగీతము ఆ కాలమున పాశ్చాత్య యువలోకమును ఊపివేసినది. అది మన పట్టణముల యువకులలో ఎట్లు ప్రతిఫలించినదో తెలుపుటకు ఆ రెండు రికార్డులును మిగిలిన సాక్ష్యములలో ముఖ్యమైనవి. కొన్నాళ్లకు పోటీలు నిలిచిపోయినవి, పాడినవారు ఎవరి దారిని వారు పోయిరి, రికార్డులు అటకలెక్కినవి. దశాబ్దములు గడచిన పిదప విదేశములందలి సేకర్తలు వానిని వెదకి పట్టి తిరిగి వెలువరించినప్పుడు గాని, ఇట్టి గానమొకటి మన నడుమ పుట్టినదన్న సంగతి మనలో పెక్కుమందికి తెలియరాలేదు.

తూర్పు పడమరల సంగీతములు కలిసికొన్నది ఆ దశాబ్దముననే యని లోకమున ఒక అభిప్రాయము నాటుకొనియున్నది. అందుకు ఆధారములు లేకపోలేదు. 1965 డిసెంబరులో వెలువడిన 'రబ్బర్ సోల్' అను రికార్డులో బీటిల్స్ బృందమునకు చెందిన జార్జి హ్యారిసన్ సితారు మీటెను. మరుసటి ఏట ఆయన రవిశంకరుని యొద్ద పాఠమునకు కూర్చుండెను. 1967 జూన్‌లో మాంటెరేలోను, 1969 ఆగస్టులో ఉడ్‌స్టాక్‌లోను వేలకొలది యువజనుల యెదుట రవిశంకరుని సితారు మ్రోగెను. 1970లో ఆనందశంకర్ అదే సితారును మూగ్ అను విద్యుద్వాద్యముతో జోడించి అమెరికాలో రికార్డు వెలువరించెను. ఇవన్నియు సత్యములే. కాని వీనికి సుమారు నూట డెబ్బది ఏండ్లకు ముందే, మదరాసునకు ఉత్తరపు టంచుననున్న మణలి గ్రామమునకును, తిరువళ్ళూరు దాటి పడమరగా పోగా వచ్చు తిరుత్తణి కొండకును నడుమ, ఇంతకంటె నిశ్శబ్దముగా, ఇంతకంటె లోతుగా ఆ కలయిక యొకటి జరిగినది; దాని ఫలముగా సుమారు నలువది చిన్న పాటలు పుట్టినవి; అవియు మరపున పడినవి; అవియు మరల వెలికి వచ్చినవి. ఆ పాటలను గూర్చియు, వానిని మనకు దక్కించిన తెలుగు అచ్చును గూర్చియు చెప్పుటకే ఈ వ్యాసము.

ముందు ఆ నేలను గూర్చి కొంత చెప్పవలెను. తిరుత్తణి కార్వేటినగరపు జమీందారీలోని భాగమై, 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు అందు చేరి, ఆంధ్రరాష్ట్రమందే నిలిచి, హద్దుల తగవు పటాస్కరు మధ్యవర్తిత్వమున తీరిన మీదట 1960 ఏప్రిల్ 1వ తేదీన మదరాసు రాష్ట్రమునకు మారినది. అందుకు బదులుగా తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలలోని కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. రేఖ యెటు గీచినను ఇరువైపులను రెండు భాషలును మిగిలినవి. పళ్ళిపట్టు వైపు ఇండ్లలో నేటికిని తెలుగే వినవచ్చును. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1888లో పుట్టినది ఈ తిరుత్తణిలోనే. మణలియో, నిన్న మొన్నటి వరకు, అనగా 2018లో చెన్నై జిల్లాలో కలియువరకు, తిరువళ్ళూరు జిల్లాలోనిది. 1969 నుండి పనిచేయుచున్న చమురు శుద్ధి కర్మాగారము మూలమున ఆ పేరు నేడు పొగగొట్టములను మాత్రమే స్ఫురింపజేయును గాని, పద్దెనిమిదవ శతాబ్ది చివరి దశకములలో ఆ పేరు విన్న విద్వాంసునకు తోచునది ఒక మహాదాత యిల్లు.

ఆ దాత మణలి ముత్తుకృష్ణ మొదలియారు; ఈస్టిండియా కంపెనీవారికి దుబాసీ, అనగా దొరలకును దేశీయులకును నడుమ మాటను, వ్యాపారమును, రాయబారమును నడపు నేర్పరి. హంసధ్వని రాగమును సృజించి, తిరువారూరున ప్రసిద్ధుడైయున్న రామస్వామి దీక్షితులను ఆయన సకుటుంబముగా మణలికి తోడ్కొని వచ్చెను. తండ్రి పిదప కుమారుడు వేంకటకృష్ణ మొదలియారును, ఈయననే చిన్నయ్య మొదలియారనిరి, ఆ పోషణమును తగ్గింపలేదు. రామస్వామి దీక్షితులు నూట యెనిమిది రాగములతోను తాళములతోను ఒక మహామాలికను ఈ వేంకటకృష్ణునిపై తెలుగుభాషలోనే రచించెను. అందు కొంతభాగమే నేడు మనకు దక్కినది. అరవదేశపు విద్వాంసుడు, అరవ ప్రభువు, నడుమ తెలుగు పాట: ఆ కాలమున అందు వింతయేమియు లేదు, సంగీతమునకు భాష తెలుగే.

దుబాసీ యింట నుండుట వలన దీక్షితుల కుమారులకు ఇతర విద్వత్కుటుంబములకు లభింపని భాగ్యమొకటి కలిగెను. వేంకటకృష్ణ మొదలియారు కంపెనీ పనిమీద చెన్నపట్టణమందలి సెయింటు జార్జి కోటకు పోవునప్పుడు ఈ సోదరులను వెంటబెట్టుకొని పోవుచుండెననియు, అచట దొరల బ్యాండు వారు వినుచుండిరనియు సంప్రదాయము చెప్పుచున్నది. పెద్దవాడు ముత్తుస్వామి వీణాగానములయందు అప్పటికే గట్టివాడు. చిన్నవాడు బాలస్వామి ఆ బ్యాండులోని ఫిడేలును చూచి ముచ్చటపడగా, ప్రభువు ఒక ఐరోపీయుని కుదిర్చి, జీతమిచ్చి, వానికి ఆ వాద్యమును నేర్పించెను. కర్ణాటక సంగీతమున ఫిడేలు అడుగుపెట్టిన కథ ఇక్కడనే మొదలగునని పెద్దలు చెప్పుదురు. నేడు ఫిడేలు లేని గాత్రకచ్చేరి మనకు ఊహకందదు. ఆ వాద్యమును తొలుత చేతబట్టినవాడు తర్వాత ఎట్టయాపురపు ఆస్థాన విద్వాంసుడై 1859 వరకు జీవించెను. అన్నగారి శిష్యుడైన తంజావూరు వడివేలునకు స్వాతి తిరునాళ్ మహారాజు 1834లో దంతపు ఫిడేలును బహూకరించెను. ఒక్క తరములో పరదేశి వాద్యము రాజసభలకెక్కినది.

పెద్దవాడు పొందినది వేరు. చిదంబరనాథ యోగి యను సన్న్యాసి మణలికి వచ్చి, ముత్తుస్వామిని తనతో పంపుమని యడిగి, తల్లిదండ్రులు వెనుకాడినను ప్రభువు నచ్చజెప్పగా కాశికి కొనిపోయెను. అచట కొన్ని సంవత్సరములు గురుశుశ్రూష చేసి, శ్రీవిద్యోపదేశము పొంది, హిందుస్థానీ గానమును చెవులార విని, గురువు సిద్ధిపొందిన తర్వాత ముత్తుస్వామి మణలికి తిరిగివచ్చెను. పిమ్మట తిరుత్తణి కొండపై సుబ్రహ్మణ్యుని సన్నిధిని తపస్సునకు కూర్చుండెను. ఒక వృద్ధుడు ఎదుటకు వచ్చి, నోరు తెరువుమని చెప్పి, నాలుకపై కలకండ నుంచి మాయమయ్యెననియు, తెరచిన నోటనుండి వెలువడిన తొలి కీర్తనయే మాయామాళవగౌళ రాగములోని 'శ్రీనాథాది గురుగుహో' అనియు శిష్యపరంపర చెప్పుచున్నది. ఆ కీర్తన ప్రథమావిభక్తిలో నడచును. తక్కిన విభక్తులకు తక్కిన కీర్తనలు పుట్టి, గురుగుహ విభక్తి కృతులన్న మాల యేర్పడినది. నాటినుండి ఆయన ముద్ర 'గురుగుహ'. కలకండ కథను ఎవరెంత నమ్మినను నమ్మకున్నను, ఆ మహాకవి గాయకుని పేరు తిరుత్తణిలో పుట్టినదన్నమాటకు మాత్రము ప్రతి కీర్తనయు సాక్ష్యము చెప్పుచునే యుండును.

ఇప్పుడు ఆ నలువది చిన్న పాటల మాట. వీనిని నొట్టుస్వర సాహిత్యములందురు. బ్యాండువారి 'నోటు' మన నాలుకపై నొట్టు అయినది. ఆంగ్లేయ, స్కాటిష్, ఐరిష్ సిపాయిలు తమతో తెచ్చుకొన్న కవాతు పాటలను, నృత్యపు పాటలను, ఇంటిపాటలను విని, వాని మెట్టును ఉన్నదున్నట్లు పట్టుకొని, దానికి ముత్తుస్వామి దీక్షితులు సంస్కృత సాహిత్యమును కూర్చెను. 'సంతతం పాహిమాం' అను పాట ఆంగ్లేయుల రాజగీతమైన 'గాడ్ సేవ్ ది కింగ్' మెట్టున నడచును. రాజు దీర్ఘాయువు కోరు పాటను సంగీతశ్యామలయైన దేవిని వేడుకొను పాటగా మార్చుటకు ఎంత నిబ్బరము కావలెను! 'సుబ్రహ్మణ్యం సురసేవ్య' అన్నది 'బ్రిటిష్ గ్రెనేడియర్స్' అను సైనిక గీతపు మెట్టు. గ్రెనేడ్లు విసరు సిపాయిల కవాతు శక్తిధరుని స్తుతియైనది. దేవసేనాపతికి సేనావాద్యము తగినదే గదా. 'జగదీశ గురుగుహ' స్కాటిష్ నృత్యమైన 'లార్డ్ మెక్‌డొనాల్డ్స్ రీల్' అడుగులలో పరుగెత్తును. 'వందే మీనాక్షి' 'లిమరిక్' అను ఐరిష్ పాట. 'వరశివబాలం' 'కాస్టీలియన్ మెయిడ్' అను పాట మెట్టున సాగును. 'శ్యామలే మీనాక్షి' ఒక ఫ్రెంచి పాట మెట్టు. మొజార్ట్ పియానోపై విస్తరించినదియు, ఆంగ్లేయ శిశువులు నక్షత్రమును చూచి పాడుకొనునదియు ఆ మెట్టే. ఎక్కడి పారిసు, ఎక్కడి మధుర మీనాక్షి!

వీనిలోని పనితనమును నెమ్మదిగా చూడవలెను, ఏలయన వీనిని చులకన చేసినవారు పాట చిన్నదగుటను చూచిరే గాని పని చిన్నది కాదని గమనింపలేదు. పాశ్చాత్యుల మేజరు స్వరక్రమము మన ధీరశంకరాభరణపు స్వరస్థానములే. కనుక పాటలన్నియు శంకరాభరణముననే నిలిచినవి. కాని మనము పాడు శంకరాభరణమునకు ప్రాణము గమకము. ఒక స్వరము తన స్థానమున కదలక నిలుచుట మన గానమున అరుదు. నొట్టుస్వరములలో దీక్షితులు గమకమును పూర్తిగా ఉపసంహరించుకొనెను. స్వరములు బ్యాండు పిల్లనగ్రోవిలో వలె ఒంటరిగా, తిన్నగా నిలిచి మ్రోగును. ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క అక్షరము. దీర్ఘస్వరమున గురువు, హ్రస్వస్వరమున లఘువు. మెట్టు విరిగినచోట పదము విరుగును. పైగా ప్రాస తప్పదు, దేవతా రూపము తప్పదు. పల్లవి, అనుపల్లవి, చరణము అను విభాగము లేదు; సంగతులు లేవు; తిస్రగతి పాటలకు తిస్రము, చతురస్రపు కవాతులకు చతురస్రము. విలంబకాలమున ఏనుగు నడకగా కీర్తనను నడిపించుటకు పేరువడిన వాగ్గేయకారుడు తన అలంకారములనన్నింటిని తీసి పక్కన బెట్టి, పరుల మెట్టులో పరుల నడకతోనే నడచి, లోపల కూర్చుండవలసిన దేవతను మాత్రము మార్పలేదు. పరసంగీతమును గౌరవించుట యెట్లో ఇంతకంటె చక్కగా చూపినవారిని నేనెరుగను.

ఇవి బాల్యమున మణలిలో ఆటగా చేసిన పాటలని కొందరందురు. నాకట్లు తోచదు. మెట్టులు వినినది మణలి కాలముననే కావచ్చును. కాని వానిలో కొన్నిటియందు 'గురుగుహ' శబ్దము వినవచ్చుచున్నది. ఆ ముద్ర తిరుత్తణికి ముందు లేనిది. కనుక ఆ పాటలనైనను కాశినుండి తిరిగివచ్చి, తిరుత్తణిలో పేరు పొందినవాడు, అనగా విద్య పండిన పురుషుడు, తెలిసి చేసినవనియే అనుకొనవలెను. యమునాకల్యాణి, హమీర్‌కల్యాణి, ద్విజావంతి రాగములను ఉత్తరదేశపు ఛాయలతో తన కీర్తనలలో కూర్చినవాడాయన. కాశిలో వినినదానిని కాదనలేదు, కోటలో వినినదానిని కాదనలేదు. ఈ రెండును ఒకే చెవి చేసిన పనులు. ఆ చెవి మణలిలో తెరచుకొన్నది. ఆ నోరు తిరుత్తణిలో తెరచుకొన్నది.

సరిగా ఆ రోజులలోనే కలకత్తాలోను లక్నోలోను దొరసానులు మన గాయనులను ఇంటికి రప్పించుకొని వారి పాటలను విని, హార్ప్‌సికార్డుపై వాయించుకొనుటకు అనువుగా వ్రాయించుకొనుచుండిరి. 1789లో విలియం హామిల్టన్ బర్డ్ అనునతడు అట్టివానిని 'ఓరియంటల్ మిసెలనీ' అను పేర కలకత్తాలో అచ్చువేసెను. అచట ఆంగ్లేయుడు మన పాటకు తన స్వరమైత్రిని తొడిగి, దాని వంకరలను సరిచేసితినని సంతోషించెను. ఇచట మన విద్వాంసుడు ఆంగ్లేయుని పాటను సరిచేయలేదు. తంజావూరున రెండవ శరభోజి ఐరోపీయ వాద్యములతో బ్యాండునే పోషించెను. తిరువొత్తియూరున వీణ కుప్పయ్య గారి యింటికి విచ్చేసిన త్యాగరాజస్వామి కృతులలోను కొన్నిట బ్యాండు నడక వినబడునని లాక్షణికులు చూపుదురు. కనుక దీక్షితులు ఒంటరి కాదు, కాలమే అట్టిది. అయినను, మెట్టును దాచక, ఇది వారిదేయని తెలియునట్లుగా నిలిపి, నలువదింటిని ఒక సంపుటముగా చేసినవాడు ఆయన యొక్కడే.

ఇట్టివి ఏల మరుగుపడినవి? కచ్చేరికి ఒక రూపమేర్పడిన తర్వాత, రాగాలాపనకును నెరవునకును స్వరకల్పనకును చోటియ్యని పాటకు వేదికపై చోటు లేకపోయెను. గమకము లేనిది సంగీతమే కాదన్నవారు వీనిని పిల్లల పలకకు వదలిరి. 'శక్తిసహిత గణపతిం' అనునది మాత్రము తొలి పాఠములలో నిలిచిపోయినది, అదియు ఎక్కడి మెట్టో, ఎవరి మెట్టో నేర్పువారికే తెలియక. పరపాలనపై రోషము హెచ్చిన దినములలో ఆంగ్లేయ రాజగీతపు మెట్టున దేవిని స్తుతించిన పాటను చెప్పుకొనుటకు సిగ్గుపడిరనుకొన్నను తప్పుపట్టలేము. ఒక్క చిత్రము మాత్రము మనసున నాటుకొని పోవుచున్నది: ఒకే బ్యాండునుండి ఒకే యింటికి రెండు కానుకలు వచ్చినవి, తమ్ముడు తెచ్చిన ఫిడేలును సంప్రదాయము సింహాసనమెక్కించినది, అన్న తెచ్చిన పాటలను పెరటిలో నుంచినది. తర్వాత హరికేశనల్లూరు ముత్తయ్య భాగవతులు 'ఇంగ్లీషు నోటు' కూర్పగా, మధుర మణి అయ్యరు దానిని కచ్చేరి చివర పాడి సభలను ఉప్పొంగించెను. ఆ చప్పట్లలోనైనను పాతవానిని తలచినవారు తక్కువ.

దక్కించినది తెలుగు లిపి. బాలస్వామి దీక్షితుల దౌహిత్రుడును దత్తపుత్రుడునైన సుబ్బరామ దీక్షితులు 1839లో పుట్టి ఎట్టయాపురమున ఆస్థాన విద్వాంసుడై, తనవారి విద్యను ఇంటి గుట్టుగా కాపాడుకొనుచుండెను. చెన్నపట్టణమున సర్కారు కచేరీలో ఉద్యోగియైన చిన్నస్వామి మొదలియారు, క్రైస్తవుడయ్యును కర్ణాటక కీర్తనలను ఐరోపీయ స్వరలిపిలో అచ్చువేయుటకు ఆస్తిని కంటిచూపును ధారవోసినవాడు, ఆ గుట్టును విప్పుమని ఆయనను ప్రార్థించెను. ఎట్టయాపుర ప్రభువు పూనుకొనెను. తత్ఫలముగా 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' వెలువడెను: తెలుగు లిపిలో, గమకములకు ప్రత్యేక చిహ్నములతో, ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు రెండు వందలకు పైగా. చిన్నస్వామి మొదలియారు ఆ గ్రంథమును చూడకయే కన్నుమూసెను. దానిలోని 'వాగ్గేయకార చరిత్రము' తెలుగు వచనములో మణలి కథను, కాశి కథను, తిరుత్తణి కథను మనకు చెప్పినది. మరుసటి ఏట, 1905లో, పిల్లలకై ఆయన వెలువరించిన 'ప్రథమాభ్యాస పుస్తకము'లో నొట్టుస్వర సాహిత్యములు ముప్పదికి పైగా స్వరసహితముగా చేరినవి. 1906లో సుబ్బరామ దీక్షితులు పరమపదించెను. తమిళదేశపు దక్షిణపు కొనయందు, తెలుగు అచ్చక్షరములలో అచ్చైన ఆ చిన్న పుస్తకము ఒక్క సంవత్సరము ఆలస్యమై యుండినచో, ఐరిష్ సిపాయి మెట్టున మీనాక్షి ఎట్లు నిలిచినదో చెప్పుటకు ఇంత గట్టి యాధారము మనకు మిగిలియుండునా యని తలచినప్పుడు గుండె జల్లుమనును.

1960వ దశకపు యువకులను నేను తక్కువ చేయను. హ్యారిసన్ వినయముతోనే గురువు పాదములకడ కూర్చుండెను. తన సంగీతమును మత్తుపదార్థములతో ముడివేసి వినుటను రవిశంకరుడు బాహాటముగా నిరసించెను. ఆయనకు శిష్యుడైన మన తెలుగు విద్వాంసుడు విజయరాఘవరావు వేణువును చేతబట్టి ఫిల్మ్స్ డివిజన్ వారి లఘుచిత్రములకు కొత్త ధ్వనులను కూర్చెను. సిమ్లా రికార్డులలోని మదరాసు యువకులును తమ కాలపు ధ్వనిని మనసారా ప్రేమించినవారే. అయితే పరధ్వనిని వినుటలో తరతమములు కలవు. తొలినాటి రాక్ రికార్డులు పెక్కింట సితారు ఒక పరిమళద్రవ్యముగా, మైకమునకు సూచికగా మ్రోగినది; పాట నిర్మాణము మాత్రము మారలేదు. దీక్షితుల పాటలలో నిర్మాణమే పరులది, ఆత్మ తనది. ఆయన మహాకృతులయెదుట ఇవి చిన్నవే. నవావరణములను, పంచలింగస్థల కీర్తనలను రచించిన చేతికి ఇవి పరిమితమైన పనియే. కాని ధైర్యము వలన వీనికి ఒక ప్రత్యేక స్థానము కలదు.

వెలికి వచ్చిన తీరును చెప్పవలెను. అమెరికాలోని సిన్సినాటి నగరమున స్థిరపడిన సంగీతకర్త కన్నికేశ్వరన్ ఈ పాటలను ఏర్చి కూర్చి, ఐరోపీయ వాద్యముల తోడుతో, గాయకులచే తిన్నని స్వరములలో పాడించి, 2008లో 'విస్మయ' అను పేర ఆల్బముగా వెలువరించెను. విడివిడిగా పిల్లల పాఠములలో చెదరియున్నవి అప్పుడు ఒక్కచోట చేరి, తాము ఒకే మనస్సు పుట్టించిన సంపుటమని వినువారికి తోచినవి. ఇట్లే బర్డ్ అచ్చువేసిన కలకత్తా పాటలను జేన్ చాప్‌మన్ అను విదుషి హార్ప్‌సికార్డుపై వాయించి 2015లో రికార్డుగా వెలువరించెను. ఈ రెంటిని వెంటవెంట వినువారికి, ఒకే కాలమున రెండు జాతులు ఒకదాని పాటను మరియొకటి ఎట్లు విన్నదో ఏ చరిత్రగ్రంథమును చెప్పలేనంత స్పష్టముగా తెలియును.

తిరుత్తణి కొండకు ఇట్టి గుణము నేలలోనే యున్నదేమో యనిపించును. కొండ యెక్కు మెట్లు 365. సంవత్సరపు దినములతో వానిని పోల్చి చెప్పుదురు. ఆంగ్లేయ సంవత్సరాదినాడు దేశీయోద్యోగులు నిమ్మపండ్లతో దొరల వాకిండ్ల ముందు వేచియుండు వాడుకను చూచి సహింపని వళ్ళిమలై సచ్చిదానందస్వామి, దొరలకంటె పెద్ద దొర కొండమీద నున్నాడని, 1917లో డిసెంబరు 31వ తేదీన అరుణగిరినాథుని తిరుప్పుగళ్ పాడుచు మెట్టుమెట్టునకును పూజచేసి యెక్కు ఉత్సవమును ఆరంభించెను. ఆ తిరుప్పుగళ్ పాటలును ఒకప్పుడు తాటాకులలో చెదరిపోయి, మున్సిఫు ఉద్యోగియైన వడక్కుపట్టు సుబ్రహ్మణ్య పిళ్ళె ఊరూర తిరిగి సేకరించి అచ్చువేయగా దక్కినవే. దొరల బ్యాండు మెట్టున దీక్షితులు తన దైవమును నిలిపెను. దొరల పంచాంగమున స్వామి తన దైవమును నిలిపెను. నేటికిని ఆ రాత్రి వేలమంది పాడుచు ఆ కొండ యెక్కుదురు.

తిరుత్తణి, పళ్ళిపట్టు, నగరి, పుత్తూరు, సత్యవేడు ప్రాంతముల సంగీతోపాధ్యాయులకు నాదొక విన్నపము. 'శక్తిసహిత గణపతిం' పాఠము చెప్పు దినమున, దానితో ఆపక, తక్కిన నొట్టుస్వరములలో నాలుగైదింటినైనను పిల్లలచే పాడింపుడు. ఏ పాట ఏ దేశపు మెట్టో వారికి చెప్పుడు. ఆ మూలగీతమును కూడ ఒక్కసారి వినిపింపుడు. మణలి యెక్కడ, తిరుత్తణి యెక్కడ అని పటమున చూపుడు. తెలుగు విశ్వవిద్యాలయములును అకాడమీలును 1905 నాటి 'ప్రథమాభ్యాస పుస్తకము'ను పిల్లలకు అందు వెలలో, పాటల ధ్వనిముద్రణములతో జతచేసి, తెలుగు లిపిలోనే ప్రకటింపవలెను. అది మొదట వెలువడినది మన లిపిలోనే.